మందు పెట్టె కదపవద్దన్నాను

మా మేనకోడలి ఊళ్లో చిన్నాసుపత్రి ఫ్రిజ్‌లోంచి పాముకాటు మందు తీసుకుపోయారు. ఎందుకు తీసుకుపోయారయ్యా అని అడిగితే నా నివేదిక చూపించారు. ఆ నివేదికలో నేను రాసింది, తీసుకుపోవద్దని.

ముందు ఈ మాట చెప్పేస్తే గాని నాకు ఊపిరాడదు. ఇక మొదటి నుంచి చెబుతాను.

ఆ ఊరు చల్లపల్లి దాటి కృష్ణ కరకట్ట వైపు పోతే వస్తుంది. కాలవకు శివారు ఊరు. నీళ్లు అందరికంటే చివర వస్తాయి, వరద మాత్రం అందరికంటే ముందు వస్తుంది. మా చెల్లెలి కూతురు అక్కడి కోడలు. చెల్లెలు ఇప్పుడు లేదు. ఈ పిల్ల, పిల్ల అంటున్నాను గాని నలభై దాటిన మనిషి, మొగుడితో కలిసి కౌలుకు వరి చేస్తుంది. నాట్ల రోజుల్లో తన మడితో ఆగదు. ఊళ్లో ఆడవాళ్లందరినీ ముఠాగా కట్టి పక్క ఊళ్లకు కూడా తీసుకుపోతుంది. నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది.

నేను బెజవాడలో ఉంటాను. నా ఉద్యోగం పేరు చెబితే ఎవరికీ అర్థం కాదు. శాస్త్ర సాంకేతిక విధానాల పరిశోధకుణ్ణి, ప్రభుత్వానికి. కొత్త యంత్రమో కొత్త పద్ధతో వచ్చినప్పుడు అది జనానికి పనికొస్తుందా, ఎక్కడ పెట్టాలి, ఏ షరతుల మీద పెట్టాలి అని ఊళ్లు తిరిగి చూసి, దొరికిందల్లా చదివి, రాసి ఇవ్వాలి. మా ఆవిడ పక్కింటివాళ్లకు దీన్ని ఒక్క ముక్కలో చెప్పింది. "మిషన్లకి జాతకాలు రాస్తారండీ మా ఆయన. పెళ్లి మాత్రం వేరేవాళ్లు చేస్తారు." ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను.

మా ఆఫీసులో అందరికీ పేరు వెనక డిగ్రీల తోకలున్నాయి. నాకు లేదు. ఆరో తరగతిలో బడి మానినవాణ్ణి. రేడియోలు బాగుచేసే కొట్లో కూచుని, సర్క్యూటు బొమ్మల మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ, గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుకున్నాను. పంపుసెట్ల మీద, పిడుగుల మీద, ఉప్పునీటి బోర్ల మీద ఏళ్ల తరబడి పత్రికలకు రాశాను. రాష్ట్రం విడిపోయి ఆఫీసులన్నీ బెజవాడ చుట్టుపక్కల అద్దె భవనాల్లోకి దిగినప్పుడు, ఇలాంటివి తెలుగులో రాయగల మనిషి కావాలని ఎవరో నా వ్యాసాలు చూపించారు. ఒప్పంద ఉద్యోగం. ఏటేటా కొనసాగింపు ఉత్తర్వు రావాలి. వచ్చేదాకా ఆ నెలంతా కుర్చీ అంచున కూచున్నట్టే ఉంటుంది.

బడి ఎందుకు మానానంటే, మా నాన్నను పాము కరిచింది. తూము దగ్గర తడిక సర్దుతుండగా. మా వైపు ఆ మాట నోటితో అనరు. పురుగు ముట్టింది అంటారు. పాము కరిచిందని పలికితే మళ్లీ వస్తుందని భయం. నాన్నను నులకమంచం మీద పడుకోబెట్టి పడవ రేవుకు మోశారు. అప్పట్లో కాలవ మీద పడవే మాకు బస్సు. రేవులో పడవ కోసం చూస్తూ ఎవరో వేపాకు నమిలించారు. విషం ఎక్కిందో లేదో చూసే పద్ధతి అది. చేదు తెలిస్తే ఎక్కనట్టు, తెలియకపోతే ఎక్కినట్టు. నాన్న నమిలి, నా వంక చూసి, "తియ్యగా ఉందిరా" అన్నాడు. ఆ మొహం ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. పడవ వచ్చింది. ఆసుపత్రి మాత్రం రాలేదు.

అందుకని ఈ పని నా బల్ల మీదికి వచ్చినప్పుడు నేనే చేస్తానని అడిగి తీసుకున్నాను.

పని ఇది. పాముకాటు విరుగుడు మందు ప్రతి చిన్నాసుపత్రిలోనూ పెడుతున్నారు. కొన్నిచోట్ల ఎవరూ రాక గడువు తీరి పారేస్తున్నారు. కొన్నిచోట్ల చాలక చేతులెత్తేస్తున్నారు. కాబట్టి మందంతా పట్నంలో పెద్దాసుపత్రిలో ఒకచోట ఉంచి, ఎక్కడ అవసరమైతే అక్కడికి డ్రోన్ మీద పంపితే ఎలా ఉంటుంది? ఆలోచన చెడ్డది కాదు. ఇప్పటికీ చెడ్డదనను. వేపాకు నమిలిన రేవులో గాలిలోంచి మందు దిగి ఉంటే అని నేను అనుకోకుండా ఎలా ఉంటాను?

పరీక్షకు మా మేనకోడలి ఊరినే ఎంచారు. నేను చెప్పలేదు, శివారు ఊరని వాళ్లే ఎంచారు. మాఘమాసం. ఆకాశం కడిగిన కంచంలా ఉంది. పొలాల్లో మినుము ఎండుతోంది. బడి ఆవరణలో ముగ్గుపిండితో గుండ్రంగా గీత గీశారు. ఊరంతా వచ్చింది. ఆడవాళ్లు పేరంటానికి వచ్చినట్టు పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. డ్రోన్ గుయ్యిమంటూ వచ్చి గీత మధ్యలో దిగింది. దాని కింద చిన్న పెట్టె, పెట్టెలో సెలైన్ సీసాలు. మందు అసలుది కాదు, పరీక్ష కదా. దిగిందో లేదో పంచాయతీ పెద్ద దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, రెక్కకో నిమ్మకాయ కట్టబోయాడు. దాన్ని నడిపే కుర్రాడు పరుగెత్తుకొచ్చి, "అయ్యా అయ్యా, బరువు లెక్క తప్పుద్దండీ!" అని నిమ్మకాయలు లాక్కున్నాడు. కొబ్బరికాయ మాత్రం ఆపలేకపోయాడు.

మా మేనకోడలి ముఠాలో ఒకామె నాతో అంది. "అన్నయ్యగారూ, తూనీగకి మోటారెట్టారే! ఈసారొచ్చినప్పుడు మా ఆయన్ని కూడా ఆ పెట్టెలో పెట్టి తీస్కెళ్లిపోమనండి."

"మీ ఆయన బరువుకి అది లేవదే," అంది మా మేనకోడలు. "అప్పులు కూడా మోయాలిగా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరవాత ఆ కుర్రాణ్ణి పక్కకు పిలిచి అడిగాను.

"వానలో లేస్తుందా బాబూ?"

"చినుకులైతే లేపుతామండీ. గాలొస్తే మాత్రం లేపకూడదండీ. మా వాళ్లు ఒప్పుకోరు."

"మాకు వాన వస్తే గాలి లేకుండా రాదయ్యా."

"అవునండీ, మాదీ మచిలీపట్నం వైపేనండీ," అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వు దగ్గరే నాకు మొదటిసారి అనుమానం తగిలింది. మా వైపు పాములు మాఘమాసంలో కరవవు. అంటే కరవవని కాదు, కాని నాట్లప్పుడు, గట్లు మునిగి కలుగుల్లోకి నీళ్లు పోయినప్పుడు, అవి ఉండటానికి చోటు లేక మనుషులున్న గట్టు మీదికే వస్తాయి. ఆడవాళ్లు మోకాలి లోతు నీళ్లలో వంగి ఉంటారు. మందు కావలసింది సరిగ్గా డ్రోన్ లేవని రోజునే.

నివేదిక రాశాను. మొదటి సిఫార్సుగా రాశాను, చివర కాదు. డ్రోన్ ఏర్పాటు ఒక వానాకాలం పూర్తిగా పనిచేసి చూపించేవరకు చిన్నాసుపత్రుల్లోని నిల్వను కదపరాదు. ఇంతే. ఇందులో చదువుకున్నవాళ్లకు గాని చదువుకోనివాళ్లకు గాని అర్థం కానిది ఏముంది?

మా విభాగాధికారిణి చిన్న వయసు మనిషి. చురుకైనది, నన్ను మాస్టారూ అని గౌరవంగా పిలుస్తుంది. నేను ఆవిడను మేడమ్ అంటాను. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఉన్నదల్లా ఆ పద్ధతి మీద. పద్ధతి ఏమిటంటే, పైవాళ్లు నివేదిక చదవరు. ఒక్క పేజీ సారాంశం చదువుతారు. ఆ పేజీలో నిర్ణయం తీసుకోవడానికి వీలైనవే ఉండాలి. షరతులు, అనుమానాలు, జాగ్రత్తలు అన్నీ అనుబంధంలోకి పోవాలి. ఇది ఎవరో ఒకరు చేసిన దుర్మార్గం కాదు, అందరూ మంచి అలవాటనుకునే అలవాటు.

అచ్చయిన ప్రతి నా చేతికి వచ్చిన రోజు మొదటి పేజీ చదివాను. మందు నిల్వలను పెద్దాసుపత్రికి మార్చవచ్చును, క్షేత్ర పరీక్ష విజయవంతమైనది, అని ఉంది. పరిశోధన అన్నచోట నా పేరు. మావాళ్లెవరి పేరూ లేదు, నా ఒక్కడిదే. ఊళ్లు తిరిగినవాడి పేరు వేస్తే మర్యాద అని ఆవిడే వేయించింది.

ఆవిడ గదిలోకి వెళ్లాను. "మేడమ్, నా షరతు ఏదండీ?"

"అనుబంధంలో ఉంది మాస్టారూ. ఒక్క అక్షరం కూడా మార్చలేదు. మీరే చూడండి."

"అనుబంధం ఏదండీ?"

ఆవిడ కంప్యూటర్లో వెతికింది. "ఫైలు సైజు ఎక్కువైందని అప్‌లోడ్ అవ్వలేదంట. అడిగితే ఇస్తారు."

"ఉందని తెలియనివాడు ఎలా అడుగుతాడండీ?"

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మాస్టారూ, కింద డిపార్ట్‌మెంటువాళ్లు చూసుకుంటారండీ. వాళ్లకి తెలీదా వానాకాలం సంగతి?"

మందులు చూసే వైద్య శాఖవాళ్లేమో పరిశోధన చేసినవాళ్లకు తెలియదా అనుకున్నారు. ఒకరి తెలివి మీద ఒకరికి ఇంత నమ్మకం ఉన్న ఆఫీసులు నేను మరెక్కడా చూడలేదు.

ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. నా నోట్ ఒకటి రాసి ఫైలులో పెట్టించాను. ఫైలు పైకి వెళ్లింది. మా తపాలు గుమాస్తా నన్ను ఓదార్చాడు. "పైకెళ్లింది కదా అని సంబరపడకండి మాస్టారూ. ఇక్కడ కాగితం నీళ్లలాంటిది. ఎంత పైకి తోడినా మళ్లీ పల్లానికే వస్తుంది. మన కాలవ నీళ్లు శివారుకి చేరతాయో లేదో గాని, కాగితం మాత్రం శివారు మనిషి బల్ల మీదకి చేరి తీరుద్ది." అప్పుడు అది హాస్యమనుకున్నాను.

ఎండలు ముదిరిన రోజుల్లో మా మేనకోడలు ఫోను చేసింది.

"మావయ్యా, మన ఆసుపత్రిలో పాము ఇంజక్షన్ల పెట్టి జీపులో పట్టుకుపోయారు."

ఎందుకు పట్టుకుపోయారని అడిగాను.

"నర్సమ్మగారు ఎందుకని అడిగితే కాగితం చూపించారంట. దాని మీద నీ పేరుందంట. ఊళ్లో నన్నేస్కుంటున్నారు, మీ మావయ్యే తీయించాడా అని."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? మా మావయ్య పేరుంటే అది మంచికే అయ్యుంటదన్నాను."

ఎవరైనా తిట్టి ఉంటే తిరిగి తిట్టగలిగేవాణ్ణి. ఈ మాటకు ఏం చెయ్యగలను? కాదమ్మా, నేను వద్దన్నాను అని మొత్తం చెప్పాను. "అయితే మళ్లీ తెప్పించు," అంది, షాపులో వస్తువు మార్చి తెమ్మన్నంత తేలిగ్గా.

విభాగాధికారిణి దగ్గరికి మళ్లీ వెళ్లాను. "ఉత్తర్వు వెళ్లిపోయింది మాస్టారూ. నేను మీటింగులో నోటితో చెప్తాను. మీరు ఇంకో నోట్ ఇప్పుడు పెట్టకండి. మీ కొనసాగింపు ఫైలు కూడా అదే బల్ల మీద ఉంది." ఆవిడ బెదిరించలేదు, నా మేలు కోరే చెప్పింది. నేను ఆ మధ్యాహ్నమే రెండో నోట్ పెట్టాను. కొనసాగింపు వచ్చింది, నోట్లకు జవాబు రాలేదు. నన్ను ఉంచుకున్నారు గాని, నా మాటను ఉంచుకోలేదు.

తొలకరి మొదలయ్యాక ఇంట్లో నేను ఉండే తీరు చూసి మా ఆవిడ విసుక్కుంది. "ఫోను మోగితే పడగెత్తినట్టు అట్టా ఉలిక్కిపడతారేంటండీ? పాలవాడు చేస్తున్నాడు, తియ్యండి." పొద్దున లేవగానే డాబా ఎక్కి గాలి ఎటు వీస్తుందో చూసేవాణ్ణి. తూర్పు నుంచి తడిగాలి తగిలితే చాలు, అక్కడ డ్రోన్ లేవదు అనుకునేవాణ్ణి. ఎండ కాస్తే, ఇప్పుడు కరిస్తే ఫరవాలేదు అనుకునేవాణ్ణి. మనిషి ఇలా అనుకోవచ్చా? పాముకు ముహూర్తం పెట్టినట్టు!

నాట్లు మొదలయ్యాయని తెలిసి మేనకోడలికి ఫోను చేసి, కాళ్లకు బూట్లు వేసుకోమన్నాను. పడీపడీ నవ్వింది. "బూట్లేస్కుని నాట్లేంటి మావయ్యా? మళ్లో దిగబడితే బూటు మళ్లో ఉంటది, కాలు పైకొస్తది. ఆ బూటుని కూడా వరుసలో నాటి రమ్మంటావా?"

"కర్రతో గట్టు కొట్టుకుంటూ నడవండే."

"కొడతాంలే. నువ్వు కొట్టాల్సిన చోట కొట్టు."

అది ఆఫీసు గురించి అంది.

ఆ ఫోను ఒక మధ్యాహ్నం వచ్చింది. బెజవాడలో వాన ఒక మోస్తరుగా పడుతోంది. మేనకోడలు కాదు, దాని మొగుడు. అతను ఎప్పుడూ ఫోను చెయ్యడు. పేరు చూడగానే నాకు తెలిసిపోయింది.

"మావయ్యగారూ, పురుగు ముట్టిందండీ."

"ఎవరికి?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు.

"దానికేనండీ. మడమ పైన. గట్టెక్కుతుంటే. రక్తపింజరండీ, చూశాం."

"ఎక్కడున్నారు?"

"మన చిన్నాసుపత్రి కాడేనండీ. నర్సమ్మగారు పట్నం ఆసుపత్రికి ఫోన్ చేశారు. వాళ్లేమో గాలుందంటండీ, కాసేపట్లో తగ్గితే డ్రోను లేపుతాం, ఉండమన్నారు. ఉన్నామండీ."

"ఎంతసేపటి నుంచి ఉన్నారు?"

వెనక నుంచి వాన చప్పుడు వినిపిస్తోంది, రేకుల మీద. ఎవరో ఆకాశం వంక చూసి, "అదిగో, చప్పుడు!" అన్నారు. ఇంకెవరో, "మోటారు సైకిలే," అన్నారు.

"నాయనా," అన్నాను, "ఇంక చూడొద్దు. ఆటో ఎక్కించు. ఇప్పుడే. కాలు కదపనీయకు. అది రాదు."

"రాదంటారా?"

"రాదు."

"వేపాకు నమిలించామండీ. చేదుగానే ఉందందండీ."

వేపాకుతో ఏమీ తెలియదని నాకు తెలుసు. అది నేను చదువుకున్న మొదటి విషయాల్లో ఒకటి. అయినా చేదుగా ఉందన్న మాట పట్టుకుని బస్సెక్కాను.

మా ఆవిడ కూడా వచ్చింది. కంకిపాడు దాటేదాకా ఫోను చేతిలోనే పట్టుకుని కూచున్నాను. ఉయ్యూరులో ఫోను కలవలేదు. పామర్రులో బస్సు ఆగితే ఒకాయన ఎక్కి, నా పక్కన నిలబడి, రొయ్యల ధర గురించి ఫోనులో ఎవరినో పెద్దగా తిడుతున్నాడు. అతని ఫోను కలిసింది, నాది కలవలేదు. లాక్కుని మాట్లాడాలనిపించింది. కిటికీలోంచి చూస్తే రెండు వైపులా మళ్లు నీళ్లతో పళ్లేల్లా మెరుస్తున్నాయి, వాటి నిండా వంగిన ఆడవాళ్లు. ఎవరి చీర చూసినా దానిదే అనిపించింది.

"ఆటో దారిలో ఆగిపోతే?" అంది మా ఆవిడ ఉన్నట్టుండి.

"ఎందుకు ఆగుతుంది?"

"కాలవ గట్టు మీద నీళ్లొచ్చుంటాయేమోనని."

"నోరు ముయ్యవే," అన్నాను. ఇన్నేళ్లలో అలా ఎప్పుడూ అనలేదు. ఆవిడ ఏమీ అనుకోలేదు. నా చెయ్యి పట్టుకుంది, పట్టుకుని బస్సు ఆగేదాకా వదల్లేదు.

పట్నంలో పెద్దాసుపత్రికి మేం చేరేసరికి దాన్ని లోపల పడుకోబెట్టి ఉన్నారు. మందు ఎక్కుతోంది. మోకాలిదాకా కాలు నల్లగా, మెరుస్తూ, వేరే ఎవరి కాలో తెచ్చి అతికించినట్టుంది. చిగుళ్ల నుంచి రక్తం. బల్ల మీద ఒక సన్నటి గాజు గొట్టం నిలబెట్టి ఉంది, అందులో దాని రక్తం. కాసేపుంచి వంచితే గడ్డకట్టి ఉండాలి. గడ్డకడితే మందు పనిచేస్తున్నట్టు. డాక్టరు వచ్చి గొట్టాన్ని వంచాడు. రక్తం నీళ్లలా గొట్టం గోడ వెంట జారింది. ఇంకో సీసా ఎక్కించమని చెప్పి వెళ్లిపోయాడు.

నేను జీవితమంతా కొలిచే పరికరాల గురించి రాసినవాణ్ణి. ఆ గొట్టమంత క్రూరమైన పరికరం నేనెప్పుడూ చూడలేదు. మళ్లీ రక్తం తీశారు, మళ్లీ నిలబెట్టారు. దాని మొగుడు గోడ వైపు తిరిగి కూచున్నాడు. నేను మాత్రం ఆ గొట్టం మీద నుంచి చూపు తిప్పలేదు. తిప్పితే జారుతుందేమోనని. చదువుకున్నవాడి ఆలోచన కాదిది. పంచాయతీ పెద్ద నిమ్మకాయలను చూసి నవ్వాను కదా, ఆ వేళ ఎవరైనా నిమ్మకాయ ఇస్తే ఆ గొట్టానికి నా చేత్తో కట్టేవాణ్ణి.

డాక్టరు వచ్చి వంచాడు. కదల్లేదు.

"కట్టిందండీ," అన్నాడు. అంతే అని, పక్క మంచం దగ్గరికి వెళ్లాడు.

తరవాత మూత్రపిండాల భయం వచ్చింది, అదీ గడిచింది. లేచి కూచోగలిగిన రోజున నన్ను చూసి మొదట అన్న మాట, "మావయ్యా, నీ తూనీగ రాలేదు."

"అది నాది కాదే తల్లీ."

"తెలుసులే. కాగితం మీద మాత్రం నీదే." నీరసంగా ఉన్నా గొంతులో వెటకారం తగ్గలేదు. తరవాత నవ్వడం మానేసింది. "నేనంటే ఆటోలో ఊపిరి బిగబట్టి వచ్చా. మా ముఠాలో ముసలమ్మలున్నారు, పాలిచ్చే పిల్లలున్నారు. ఆ ఫ్రిజ్ నీ పేరు మీద ఖాళీ చేశారు. నీ పేరు మీదే నింపించు. మళ్లీ నాట్లొచ్చేలోగా."

ఆ మాట మీద వచ్చాను. నోట్లు మానేశాను. ఆఫీసు మనిషిగా కాదు, మామూలు పౌరుడిగా, నా ఇంటి చిరునామాతో అర్జీ రాశాను. నివేదికలో నా షరతు ఉన్న పేజీ నకలు జత చేశాను. సోమవారం అర్జీల రోజున కలెక్టరు కార్యాలయంలో వరుసలో నిలబడి ఇచ్చాను. నా ముందు ఒకాయన పొలం గట్టు తగాదా, వెనక ఒకావిడ పింఛను. తీసుకున్న ఉద్యోగి మర్యాదస్తుడు. "మీరేం చేస్తారు పెద్దాయనా?" అన్నాడు. చెప్పాను. అర్థం కానట్టు తలూపాడు.

అక్కడి నుంచి వైద్య శాఖకు వెళ్లిందన్నారు. వైద్య శాఖవాళ్లు, ఇది మా నిర్ణయం కాదు, విధానం ప్రకారం చేశాం, విధానం చేసినవాళ్లనే అడగాలి అని రాసి సచివాలయానికి పంపారట. అక్కడ ఏ శాఖకు చెందుతుందో తేలడానికి చలికాలం గడిచింది. నేను వెళ్లి అడిగిన ప్రతిచోటా కుర్చీ చూపించారు, మంచినీళ్లిచ్చారు. పెద్దవాణ్ణి కదా. మంచినీళ్లు తాగి తాగి వచ్చాను.

మధ్యలో ఒకసారి ఆ ఊరు వెళ్లాను. చిన్నాసుపత్రిలో నర్సమ్మ ఫ్రిజ్ తలుపు తీసి చూపించింది. ఒక అర ఖాళీ. దాని అంచుకు పాముకాటు మందు అని ఆవిడే రాసి అతికించిన చీటీ అలాగే ఉంది. "తీసెయ్యమన్నారండీ," అంది. "వచ్చాక మళ్లీ రాయాల్సొస్తుందని నేనే తియ్యలేదు." ఆవిడ ఆ అరలో ఇంకేమీ పెట్టలేదు. వీధిలో వస్తుంటే ఒక ముసలాయన అరుగు మీద నుంచి పలకరించాడు. "ఏవయ్యా, గాల్లో మందు! మా మీద ఎప్పుడు కురిపిస్తావు?" నేను తలవంచుకుని వచ్చేశాను. తప్పు నాది కాదని అతనికి ఏ పేజీ చూపించను?

మళ్లీ వైశాఖం వచ్చింది. జ్యేష్ఠం వచ్చింది. కాలవలకు నీళ్లు వదిలారు. మేనకోడలి కాలు ఇప్పటికీ సాయంత్రానికి వాస్తుంది. అయినా నారుమడి పోశామని ఫోను చేసింది. ముఠా కూడా మాట్లాడుకున్నారట. "ఏమైంది మావయ్యా?" అంది. రేపో మాపో జవాబు వస్తుందన్నాను. "నారు కూడా రేపో మాపో లేస్తది," అంది.

ఆ వారంలోనే ఆఫీసులో తపాలు గుమాస్తా నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ దూరం నుంచే కేకేసే మనిషి, ఆ రోజు దగ్గరికొచ్చి, నెమ్మదిగా కవరు పెట్టాడు. "మీకేనండీ మాస్టారూ. సంతకం పెట్టండి." నా మొహంలోకి చూడలేదు. విప్పాను. జవాబు ఇది.

"విషయం: చిన్న ఆసుపత్రులలో పాముకాటు విరుగుడు మందు నిల్వను పునరుద్ధరించవలసిందిగా కోరుతూ అందిన అర్జీ గురించి.

పై అర్జీని పరిశీలించడమైనది. అర్జీలో పేర్కొన్న నిర్ణయం తమరు సమర్పించిన నివేదిక ఆధారంగా తీసుకున్నది అయినందున, అర్జీదారు లేవనెత్తిన అభ్యంతరాలపై తమరి అభిప్రాయాన్ని తగిన ఆధారాలతో ఈ కార్యాలయానికి పంపవలసిందిగా కోరడమైనది. తమరి అభిప్రాయం అంది, దానిని పరిశీలించేంతవరకు ప్రస్తుత ఏర్పాటే కొనసాగును. తుది నిర్ణయం తీసుకున్న పిమ్మట అర్జీదారుకు తగు రీతిన తెలియజేయబడును."